శ్రమల దినాల్లో అమ్మ కారం మానేసింది

మా అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసేది. గుంటూరు మిర్చి యార్డు పక్క గోడౌన్లలో రాశుల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీస్తూనే ఉండేవాళ్లు. ఆ ఘాటుకు ముక్కుకు కట్టుకున్న గుడ్డ చాలదు. అందుకని అందరూ దవడన ఇంత పొగాకు కాడ పెట్టుకునేవాళ్లు. అది ఊరుతుంటే దగ్గు రాదని నమ్మకం. మేస్త్రీలు సైతం మా అమ్మ నోటికి జడిసేవాళ్లు. ఆ నోట్లో ఏముందో మాత్రం మేమెవరమూ చూడలేదు.

రెండువేల దశకం తొలినాళ్లలో ఒక ఏడాది, శ్రమల దినాలు మొదలవగానే అమ్మ కారం మానేసింది. మా పేటలో క్రైస్తవులం ఈస్టరు దాకా ఎవరికి తోచింది వాళ్లం వదిలేస్తాం. ఒకరు మాంసం, ఒకరు టీ. గుంటూరులో ఉండి కారం వదలడమంటే మాటలా! చర్చిలో ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. పాస్టరు గారు ప్రార్థనలో కూడా ఆ మాట ఎత్తారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఆమె భక్తికి ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలే. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను, నాలుక్కి రుచి తగలకపోతే పుస్తకం ముట్టేదాన్ని కాదు.

ఈస్టరు నాడు నాన్న కోడి తెచ్చాడు. అమ్మ కూర ఎర్రగా, నూనె తేలేలా వండింది. అందరికీ వడ్డించి, తన ముక్కలను గిన్నెలో నీళ్లు పోసి కడుక్కుని తింది. నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. ఆయన యార్డులో బస్తాలు మోసే మనిషి, ఇంట్లో గొంతెత్తడం ఎప్పుడో గానీ ఉండదు. ఆ రోజు చెయ్యి కడిగేసుకుని, ఆసుపత్రికి పోదాం పద అన్నాడు.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. పళ్ల డాక్టరమ్మ టార్చి వేసి చూశారు. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ, దాని మధ్య ఎర్రగా పుండు. వేలితో అంచు నొక్కి, గట్టిగా ఉందన్నారు. కంటితో చూసి ఏ జబ్బో చెప్పలేమని, చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలని, ఆలస్యమైతే మనిషే దక్కకపోవచ్చని చెప్పారు. అమ్మ లేచి నిలబడింది. కత్తి పడితే పుండు పాకుతుందని మా పేటంతా నమ్మేది. అలా కోయించుకున్న ఒకావిడ ఏడాది తిరక్కుండా పోయిందని అమ్మ గుర్తు చేసింది.

డాక్టరమ్మ కసురుకోలేదు. "కోసినందుకు పోలేదమ్మా. ఆలస్యంగా వచ్చినందుకు పోయింది" అన్నారు.

అమ్మ నా వంక చూసింది. తర్వాత కూర్చుని నోరు తెరిచింది.

మత్తు సూది ఇచ్చి, పుండు అంచున కాస్త మంచి కండ కూడా కలిసేలా కోసి, కుట్టు వేశారు. కందిగింజంత ముక్క. మందునీళ్ల సీసాలో వేస్తే అడుక్కి దిగింది. అమ్మ మొద్దుబారిన పెదవులతో, "ఇంత ముక్క నా సంగతంతా చెబుద్దా?" అంది.

చెప్పింది. క్యాన్సరే. మెడలోకి ఇంకా దిగలేదని తర్వాతి పరీక్షల్లో తేలింది. బుగ్గ లోపల ఆపరేషన్ చేసి, కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. అమ్మ మాకు మరికొన్నేళ్లు దక్కింది. నోరు మాత్రం చెంచా పట్టేంతే తెరుచుకునేది. కారం సంగతి సరే, ఉప్పు తగిలినా మంటే. మెత్తగా పిసికిన పెరుగన్నంతోనే బతికింది.

వంట మాత్రం మానలేదు. గోంగూర పచ్చడి నూరి, వేడన్నంలో కలిపి నాకు పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. బాగుందంటే ఒప్పుకునేది కాదు. ముందు పులుపు తగిలిందా, కారమా? వెల్లుల్లి తెలుస్తోందా? అన్నీ విడమరిచి చెప్పాలి. నేను చెబుతుంటే ఆమె గుటకలు మింగేది. ఒకసారి ఉప్పు వేయడం మరిచిపోయింది. నేను బాగుందనే అన్నాను. నా మొహం వంక చూసి, "ఉప్పు పడలా" అని లేచి తెచ్చి వేసింది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు పచ్చడి నేనే నూరుకుంటాను. ఉప్పూ కారం అన్నీ సరిగ్గానే పడతాయి. ఎదురుగా కూర్చుని నా మొహం చూసే మనిషి కావాలి నాకు.