సత్యవాణి ఆరబెట్టిన కాగితాలు

బెంగాలీల నడుమ ఉన్న రైల్వే ఊళ్లో, గోల్‌బజార్ అనే బజారులో వెంకటరావుది చిన్న ఆఫీసు. రైల్వేలో రిటైరైన వాళ్లకు పింఛను దరఖాస్తులు రాసిపెట్టడం, వాళ్ల సర్వీసు కాగితాలు భద్రంగా దాచడం అతని పని. ఆ ఆగస్టులో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసి, మురుగుకాలువ పొంగి, ఆఫీసులోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. తోడిపోశాక చూస్తే, కింది అరల్లోని మూడొందల ఫైళ్లూ ముద్దలై ఉన్నాయి. అతను వాటిని ఎండలో పరిచి, అంటుకున్న కాగితాలను గోళ్లతో విడదీయసాగాడు.

"ఏటి బాబూ, ఏటి సేత్తన్నావు? ఆపు!"

తల ఎత్తితే, తన పింఛను పని మీద వచ్చిన సత్యవాణి. భర్త రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం చేస్తూ చనిపోతే, ఆమెకు రైల్వే ప్రెస్సులో బైండింగ్ పని ఇచ్చారు. చేరేనాటికి సూదిలో దారం ఎక్కించడం తప్ప ఏమీ రాదని ఆమే చెప్పుకునేది. ముప్పై ఏళ్లు చేసి రిటైరైంది.

"ఎండలో పెడితే అట్టలాగ బిగిసిపోతాయి. గోరెడితే సిరిగిపోతాయి. నీడలోకి తే, ఫ్యానెయ్యి."

కాగితానికీ కాగితానికీ మధ్య అచ్చు పడని తెల్ల కాగితం పెట్టి, తడి పీల్చగానే మారుస్తూ కూర్చుంది. అలా రోజుకు ఇరవై ఫైళ్లే తెమిలేలా ఉన్నాయి. ఈలోగా మిగతావి బూజు పట్టిపోతాయి. ఆమె లేచి, అందరూ 'దాదా', అంటే అన్న, అని పిలిచే చేపల వ్యాపారి బిమల్ దగ్గరకు నడిచింది. వెనకాలే వెంకటరావు.

"కాగితాలా? చేపల ఫ్రీజర్లోనా?" అని అతను బెంగాలీలో అడిగి నవ్వాడు.

"మీ నాన్న కాగితాలైతే నవ్వుదువా దాదా?" అని ఆమె ఆ బెంగాలీలోనే అడిగింది. అతను నవ్వు ఆపి, ఒక ఫ్రీజర్ ఖాళీ చేయించాడు. ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన కట్టలు అందులో గడ్డకట్టాయి. గడ్డకడితే బూజు పట్టదు కనుక ఇక తొందర లేదు. రోజుకు కొన్ని తెచ్చి, మెల్లగా విడదీసి ఆరబెట్టారు.

సూసన్న అనే ఆవిడ భర్త సర్వీసు సర్టిఫికెట్టు మీద టైపు అక్షరాలు మాత్రం కరిగిపోయాయి. సత్యవాణి టార్చిని కాగితానికి పక్కవాటుగా పట్టుకుంది. టైపు మిషను నొక్కిన గుంటలు నీడలై తేలాయి. ఆమె కూడబలుక్కుంటూ ఒక్కో అంకె చదువుతుంటే వెంకటరావు రాసుకున్నాడు. ఆ సర్వీసు నంబరుతో వెతికితే రైల్వే ఆఫీసులో అసలు రికార్డే దొరికింది.

నెల తిరిగేసరికి పదిహేడు ఫైళ్లు తప్ప అన్నీ దక్కాయి. ఆ పదిహేడు ఇళ్లకూ ఫోన్ చేస్తానన్నాడు వెంకటరావు.

"ఫోన్లో కాదు బాబూ. ఎదురుగా నిలబడి సెప్పాలి. నానూ వత్తాను."

పక్కనే ఉన్న సాలువాలో, కాగితాలు పోయినవాళ్లలో ఒకడైన భద్రయ్య అరగంట తిట్టాడు. వెంకటరావు తల దించుకున్నాడు. సత్యవాణి ఒక్క మాటా తప్పించుకోకుండా విన్నది. అతను అలిసిపోయాక, చీర కొంగుతో చేతులు తుడుచుకుని నేల మీద కూర్చుంది.

"మీరన్నది నిజమే అన్నియ్యా. ఇంట్లో ట్రంకుపెట్టి ఉంటే దించండి. పాత కాగితాలేటి మిగిలినాయో సూద్దాం, సర్వీసు నంబరు దొరికితే సాలు."