క్యామ్ లేని ఇంజను

నేను నిజామాబాద్‌లో డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మా అక్క బోధన్‌లో, మేం బాపు అని పిలిచే నాన్న పెట్టిన పంపుసెట్ల రిపేరు షాపు నడుపుతుంది. ఒక ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం కలిసి పిచ్చిపని అనిపించే పనికి దిగాం.

ఇంజనులో వాల్వులను తెరిచేది క్యామ్ షాఫ్ట్ అనే ఇనుప కడ్డీ. దాని మీద ఉబ్బులు ఎలా చెక్కి ఉంటే వాల్వులు అలాగే తెరుచుకుంటాయి. ఆ కడ్డీ తీసేసి, కరెంటు పారితే అయస్కాంతమయ్యే కాయిల్‌తో వాల్వులను నెట్టిస్తే ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు ఉంచాలో మనమే చెప్పొచ్చు. పెద్ద కంపెనీలు అలా చేశాయని చదివి అక్కకు చెప్పాను. మన షాపులో ఎందుకు కాదని అడిగింది.

బాపుకు నచ్చలేదు. "క్యామ్ తీసేసినంక గది ఇంజనెట్లయితది బిడ్డా? పండ్లన్ని పీకి బుక్క నమలమన్నట్టున్నది."

"నడుస్తది, నువ్వే సూస్తవు బాపు," అంది అక్క.

షాపులో ఉన్న ఒక ఇంజనుకు క్యామ్ తీసేసి కాయిళ్లు బిగించాం. స్టార్ట్ చెయ్యడానికి మొదటిసారి తాడు గుంజగానే లోపల టక్కుమంది. వాల్వు మూతపడకముందే పిస్టన్ పైకొచ్చి గుద్దింది. విప్పి చూస్తే వాల్వు కాడ వంగిపోయి ఉంది. నా లెక్క తప్పినందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక్కడితో ఆపేద్దామన్నాను.

"ఆపుడెందుకు చెల్లె? వాల్వు పిస్టన్‌కు తగలని ఇంజనున్నది మన దగ్గర," అంటూ అక్క షాపు వెనక పాత సామాను కింద నుంచి ఒక కిరోసిన్ ఇంజను లాగింది. అందులో వాల్వులు పిస్టన్ పైన కాకుండా పక్కన ఉంటాయి. వాల్వు మూతపడటం ఆలస్యమైతే ఇంజను ఆగుతుంది, అంతేగానీ ఏదీ విరగదు.

క్యామ్ ఉండే చోట అక్క రెండు కాయిళ్లు బిగించింది. చక్రానికి చిన్న అయస్కాంతం అతికించి, పిస్టన్ ఎక్కడుందో నా బోర్డుకు తెలిసేలా చేశాను. కరెంటు ట్రాక్టరు బ్యాటరీల నుంచి. ఈసారి ఇంజను అంటుకుంది, కానీ దగ్గి దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు గుంజినా అంతే.

అక్క పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టింది. "పొగ మల్ల లోపలికి గుంజుతున్నది. వాల్వు తొందరగ మూసుకుంటలేదు."

మీటరు పెట్టి చూశాను. నిజమే, కరెంటు ఆపినా కాయిల్ వెంటనే వదలడం లేదు. కాస్త ముందుగానే ఆపేలా ప్రోగ్రాము మార్చాను.

మర్నాడు పొద్దున ఇంజనును కోటగిరి తోవలో కాలువ పక్కనున్న మా చెరకు మడికి తీసుకెళ్లి పంపుకు కలిపాం. ఇంజను ఎక్కించిన ఆటోలోనే వెనక కూర్చుని బాపు కూడా వచ్చాడు. అక్క తాడు అందుకోబోతే, "నేను గుంజుత," అని తనే పట్టుకున్నాడు.

ఒక్క గుంజుకు అంటుకుంది. ముందు తడబడింది, తర్వాత కుదురుకుంది. పైపు వణికి, బురద నీళ్లు కక్కింది. ఆ వెంటే నీళ్లు తెల్లటి ధారగా చెరకు సాళ్లలోకి దూకాయి. అక్క నన్ను గట్టిగా పట్టుకుంది. ఇద్దరి చేతులకూ గ్రీజే.

పక్క మడి రైతు పరుగున వచ్చి ఏమైందని అడిగాడు.

"క్యామ్ లేని ఇంజను. నా బిడ్డలు చేసిండ్రు," అన్నాడు బాపు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఇంజను నడుస్తుండగానే ల్యాప్‌టాప్‌లో ఒక అంకె మార్చాను. వాల్వు తెరుచుకునే వేళ జరిగి, ఇంజను గొంతు మారింది. నీటి ధార ఇంకా దూరం పడింది. చెక్కిన ఇనుము చెయ్యలేని పని అది. బాపు ఇంజనుకు దగ్గరగా చెవి పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

"గిది మంచిగున్నది. ఇంకోటి పెట్టు బిడ్డా, విందాం."

మార్చాను. మధ్యాహ్నం దాకా మారుస్తూనే ఉన్నాను. మడి మొత్తం తడిసిపోయినా ముగ్గురిలో ఎవరికీ ఇంజను ఆపబుద్ధి కాలేదు.