పట్టాల మీద ఆగిన కారు

చిన్నదే అయినా వేగానికి పుట్టిన కారు నాది. సెలవు దొరికితే బెంగళూరు అవతల రేస్ ట్రాక్ మీద తిప్పడం నా పిచ్చి. పోయిన ఎండాకాలం దాని ఫ్లైవీల్ మార్పించినాను. ఇంజన్ వెనక తిరిగే ఆ ఇనుప చక్రం బరువుగా ఉంటే ఇంజన్ నిదానంగా లేస్తుంది, నిదానంగా దిగుతుంది. తేలికది వేస్తే కాలు ఆనించగానే ఎగిసిపడుతుంది, తీయగానే పడిపోతుంది. ట్రాక్ మీద మొదటిరోజు గాల్లో తేలినట్టే ఉండింది.

అనంతపురానికి తిరిగొచ్చే దారిలోనే దిగులు పట్టుకుంది. టోల్‌గేటు దగ్గర ఆగి, కదలబోతే ఇంజన్ ఆగిపోయింది. క్లచ్ రవ్వంత తొందరగా వదిలితే చాలు, అంతే. బండి నిలబడి ఇంజన్ తిరుగుతా ఉన్నప్పుడు గేర్‌బాక్స్‌లో గులకరాళ్లు కదిలిన చప్పుడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. యాడికి పోవాలన్నా ముందు దారిలో బండి ఆగిపోయే ఎత్తులన్నీ కళ్ల ముందు తిరిగేవి.

నాయన ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఆయన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోతావుంటే రైల్వే గేటు పడింది. రైలు పోయినాక గేటు తెరిస్తే రెండు పక్కల బండ్లూ ఒకేసారి ఎక్కినాయి. పట్టాల మీద ముందున్న ఆటో ఆగింది, నేనూ ఆగినాను. ఆటో కదిలింది. నేను క్లచ్ వదిలినాను. ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పినా, మళ్లీ ఆగింది. చెమటకు స్టీరింగ్ జారిపోతావుంది. వెనక హారన్లు.

"ఏమైందిమ్మా?" అన్నాడు నాయన.

"ఏం లేదు. నువ్వు దిగి అవతలికి పో నాయనా."

"నిన్ను ఈడ ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

గేటుమనిషి ఎర్రజెండా ఊపుతా పరిగెత్తుకొచ్చినాడు. "ఏమమ్మా, బండి తీయండి! ఇంకో రైలుకు గేటెయ్యల్ల!"

నాయన దిగినాడు. అవతలికి పోలేదు, వెనక్కి పోయి కారును తోయబట్టినాడు. అద్దంలో ఆయన తల మాత్రమే కనపడతావుంది. నేను భయంతో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి క్లచ్ వదిలేసినాను. కారు ఒక్క దూకు దూకి పట్టాలు దాటింది. అద్దంలో నాయన లేడు.

ఆపి పరిగెత్తినాను. ముందుకు బోర్లా పడిన నాయన లేస్తున్నాడు. రెండు అరచేతులూ గీరుకుపోయి రక్తం. గేటుమనిషి ఆయన్ను పట్టుకుని ఇవతలికి నడిపించినాడు. ఆ చేతులు మానేదాకా ఆయన పట్టుదారం ముట్టలేకపోయినాడు.

పాత ఫ్లైవీల్ తిరిగి వేయించినాను. ట్రాక్‌కు వచ్చే స్నేహితులు తేలికది వేసుకోవచ్చునా అని అడుగుతారు. ట్రాక్ మీదికే అయితే వేసుకోండి, ఇంట్లోవాళ్లను ఎక్కించుకునే కారుకు వద్దంటాను.

కంటి డాక్టరు దగ్గరికి నాయన ఇప్పుడు బస్సులో పోతాడు. నేను తీసుకుపోతానంటే, "నీకెందుకమ్మా శ్రమ, బస్సుండాది కదా" అంటాడు. నిజంగా నా శ్రమ గురించే అంటున్నాడా, అడగడానికి ధైర్యం చాలదు.