సూప్ పొట్లంలో పడుగు గంజి వాసన

కోవిల్‌పట్టిలో మా ఇంట్లో నిన్న సాయంత్రం టమాటా సూప్ పొట్లం నీళ్ళలో కలిపి పొయ్యిమీద పెట్టాను. చిక్కబడేటప్పుడు వచ్చిన వాసన బాగా తెలిసినదే, ఎక్కడిదో మాత్రం తోచలేదు. వెల్లుల్లి దంచి వేశాను, కరివేపాకు వేశాను. ఆ వాసన పోలేదు. అప్పుడు తట్టింది, అది పడుగు గంజి వాసన.

మగ్గాల ఇళ్ళలో పెరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అరుప్పుకోటలో మా వీధి పొడవునా మగ్గానికెక్కించే నూలు పడుగు చాచి కట్టి, దారం తెగకుండా తెల్లవారుతూనే గంజి పెట్టేవాళ్ళు. నూలుకు పూయకముందే అమ్మ మాకోసం ఒక చెంబెడు తీసి ఉప్పూ, మిరియాల పొడీ కలిపి ఇచ్చేది. మాకు తెలిసిన సూప్ అదే.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. పిలిచి, "దీంట్లో ఇంకేం ఎయ్యాలమ్మా?" అని గరిటె చాచాను. అమ్మ రుచి చూడలేదు. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వేళ్ళు మెల్లగా విడదీసి జిగురు చూసింది. మా ఇంట్లో మగ్గం ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

"నూలుకైతే సరిపోతాది పాపా," అంది. "మనం తాగేదానికి మిరియాలు నూరి ఎయ్యి."