తాలు పోగే పెద్దదైన దేశం

పోయిన ఆదివారం మా పెద్దమ్మ కన్నుమూసింది. ఆవిడ కొడుకు ఫోన్లో కబురు చెప్పి ఏడుస్తూ, "నిన్న కూడా, 'లేవదీయండ్రా, నేను నడుస్తా' అందక్కా" అన్నాడు. అనే ఉంటుంది. ఆవిడ సంగతి నాకు తెలియనిదా?

మిషన్ బడిలో టీచరు. రోజూ పత్తిచేల మధ్య సైకిలు తొక్కుతూ బడికెళ్లేది. ఎనభైల్లో, నేను గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో, ఆవిడకో పట్టుదల పుట్టింది. మోకాళ్లు మొరాయించేలోగా ఒక్కసారైనా కొండదారిలో సైకిలు తొక్కాలి. నేపాల్‌కైతే పాస్‌పోర్టు అక్కర్లేదట. తోడు నన్ను రమ్మంది.

"కొండే కావాలంటే వినుకొండ పోయి ఎక్కండే. దేశం దాటాలా?" అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ వాదనకి దిగలేదు. అప్పుడు కల్లంలో మిరపకాయలు ఏరుతున్నాం. ఎర్రకాయలు ఒక పోగు, రంగు తేలిపోయిన తాలుకాయలు ఇంకో పోగు.

"నేపాల్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. మంచికో ఎర్రకాయ, చెడ్డకో తాలుకాయ. చెడ్డ నువ్వు చెప్పు, మొహమాటపడబాకు" అంది నాతో.

మొహమాటం నాకెక్కడిది! గేర్లు లేని సైకిళ్లు, రాని భాష, ట్యూబు పేలితే దిక్కులేదు, ఇద్దరం ఆడవాళ్లం, పైగా చలి. వరసగా తాలుకాయలు వేశాను.

"అన్నం, పప్పు దొరుకుద్ది. చలంటావా, మే నెలలో అది మంచే" అని పెద్దమ్మ నా కాయ ఒకటి తీసి పారేసింది. అయినా ఏరే ఆడవాళ్లంతా నా పక్షం చేరారు. తాలు పోగే పెద్దదైంది. పెదనాన్న మీసం దువ్వుకున్నాడు.

పెద్దమ్మ చేతులు దులుపుకుని లేచింది. "తాలుందని కల్లం వదిలేసి పోతామా? సెలవులివ్వగానే బయల్దేరదాం."

అప్పట్నుంచి శనివారాలు సముద్రపు గాలికి ఎదురు తొక్కుతూ వాడరేవు వెళ్లేవాళ్లం. "ఎదురుగాలే మన కొండ" అనేది. నేను సణిగేదాన్ని.

సరిహద్దు దాకా సైకిళ్లు రైల్లో వేసుకెళ్లాం. కొండదారి మొదలైన పూటే తొక్కడం పోయి తోయడమైంది. నాకు ఏడుపొచ్చింది. ఒక లారీ ఆగింది, సైకిళ్లు పైన వేయమని డ్రైవరు సైగ చేశాడు.

"నువ్వెక్కవే. నేను తోసుకుంటా వస్తా" అంది పెద్దమ్మ.

ఇంకెలా ఎక్కను? తిట్టుకుంటూ వెనకే నడిచాను. ఆ తర్వాత ఉద్యోగంలో, సంసారంలో ఎన్నోసార్లు కాడి వదిలేద్దామనుకున్నాను. వదల్లేదంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

ఎట్టకేలకు ఎక్కడం అయిపోయి దారి కిందికి వాలింది. పెద్దమ్మ కుచ్చిళ్లు దోపుకుని సైకిలెక్కింది. మా చదును నేల మీద తొక్కనిదే సైకిలు కదలదు. అలవాటు కొద్దీ కాసేపు తొక్కింది. తర్వాత ఆపేసి, రెండు కాళ్లూ పక్కలకి చాపి, "ఒసేయ్, తొక్కకుండానే పోతోందే!" అని అరుస్తూ మలుపు తిరిగిపోయింది.