మోటారు చల్లగానే ఉంది సార్

మా అన్నకు చేవెళ్లలో మోటారు వైండింగ్ దుకాణం ఉండేది. షాబాద్ దాకా రైతులు కాలిపోయిన మోటార్లను అక్కడికే మోసుకొచ్చేవారు. నడుస్తున్న బావి మోటారు మీద అన్న అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టేవాడు. పది దాకా చెయ్యి ఉంచగలిగితే మోటారు బాగున్నట్టు, ఉంచలేకపోతే ఎక్కువ లాగుతున్నట్టు. చూసి చూసి ఆ అలవాటు నాకూ అంటుకుంది. ఇంజనీరింగ్ చదివినా వదల్లేదు.

అప్పుడు నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రొబేషన్ మీద ఉన్నాను. నాలాంటి వాళ్లను తట్టలకొద్దీ ఎత్తుకునేవారు, నచ్చకపోతే తట్టలకొద్దీ పారబోసేవారు. నా ప్రొబేషన్‌ను అప్పటికే ఒకసారి పొడిగించారు. ఈసారి మేనేజర్ సంతకం పెట్టకపోతే ఇంటికే. ఆ మేనేజర్‌కు బొమ్మ విమానాల పిచ్చి. చిన్న మంగళారంలో ఫామ్‌హౌస్ కట్టుకుని ప్రతి ఆదివారం అక్కడ ఎగరేసేవాడు. మా టీంలో సగం మంది అక్కడే ఉండేవాళ్లం. విమానాల మీద ప్రేమతో కాదు. నేనైతే సంతకం కోసమే పోయేవాణ్ని, దాచుకోవడం ఎందుకు?

ఆ విమానం మోటారు అగ్గిపెట్టెకన్నా చిన్నది. దానికి బ్రష్షులుండవు. రాగి చుట్లు లోపల కదలకుండా ఉంటాయి, అయస్కాంతాలు అతికించిన పైడొప్ప తిరుగుతుంది. ఒక ఆదివారం అది మాడిపోయింది. కొత్తది విదేశం నుంచి రావడానికి నెల పడుతుందని మేనేజర్ మొహం వేలాడేసుకున్నాడు. "మావైపు ఒక మెకానిక్ ఉన్నాడు సార్, చుట్టిస్తాను" అన్నాను. మెకానిక్ అన్నానే గాని, మా అన్న అనలేదు.

అన్న కళ్లు చికిలించుకుని రెండు రోజులు కూర్చున్నాడు. లోపలి ఇనప చక్రానికి దంతాల్లా ఉన్న పన్నెండు పండ్ల మీద పాత చుట్లు లెక్కపెట్టి, అదే మందం తీగతో అన్నే చుట్లు చుట్టాడు. ఇస్తూ చెప్పాడు.

"రెండు వందల వాట్లని రాసున్నది. తీగ గంతకే సరిపోతది. పెద్ద పంక పెడితె మోటరు కాదనదు తమ్మీ, మాడిపోయేదాంక గుంజుతనే ఉంటది. ఇంకోటి. దీని ఒళ్లు తిరుగుతది, గాలికి సల్లగయితది. రాగి లోపల కూసున్నది. ఎన్క బొక్కలకెల్లి వేలు పెట్టి సూడు. పైన సూస్తె మోసపోతవ్."

ఎగురుతుంటే చూస్తానని ఆ ఆదివారం అన్న కూడా వచ్చాడు. ఉతికిన అంగీ వేసుకున్నాడు. అక్కడి ఫామ్‌హౌస్‌లన్నింట్లో తోటలకు నీళ్లు పెట్టే పంపులున్నాయి. నాలుగిళ్ల వాళ్లకు తన పని తెలిస్తే ఆ పంపులు తన దుకాణానికి వస్తాయని అన్న ఆశ. నాతో చెప్పలేదు గాని, ఆ అంగీ చూస్తేనే తెలిసిపోయింది. నేను మాత్రం గేటు దగ్గరే నిలబెట్టి, "చెప్పాను కదా సార్, మెకానిక్" అన్నాను.

ఆ రోజు మేనేజర్ విమానానికి కెమెరా కట్టాడు. చూడటానికొచ్చిన పక్క ఫామ్‌హౌస్‌ల స్నేహితుల ప్లాట్లను పైనుంచి ఫొటోలు తీయాలట. బరువు లేవడానికి పెద్ద ప్రొపెల్లర్ బిగించాడు. వాట్‌మీటర్ నా చేతికిచ్చి నిమిషంపాటు నేల మీదే పూర్తిగా తిప్పాడు. మీటరు మూడు వందల పది చూపించింది.

"ఎంత?" అన్నాడు.

"కొంచెం ఎక్కువ సార్, పర్లేదు."

"హీట్ అవుతోందా?"

మోటారు ఆగగానే నేను పైడొప్ప మీద అరచెయ్యి ఆనించి అందరికీ వినిపించేలా పది లెక్కపెట్టాను. "మోటారు చల్లగానే ఉంది సార్." అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర నుంచి అన్న వేలు ఆడిస్తూ లోపల చూడమని సైగ చేశాడు. చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకున్నాను.

మూడో చక్కర్లో సన్నగా పొగ వచ్చింది. విమానం ముక్కు వంచుకుని పక్కవాళ్ల క్యారెట్ మడిలో కూలింది. కెమెరా పగిలిపోయింది. మేనేజర్ మోటారు ఊడదీసి, "ఎవడు చుట్టాడు దీన్ని?" అని అరిచాడు.

"లోకల్ వైండింగ్ సార్" అన్నాను. అప్పటికే గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన అన్న నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన దుకాణం బోర్డు మీద కూడా వైండింగ్ అనే ఉంటుంది, ఆ మాట ఆయనకు అర్థం కాకుండా ఎలా పోతుంది?

అన్న వచ్చి మోటారు అందుకున్నాడు. చిన్న స్క్రూడ్రైవరుతో క్లిప్పు తప్పించి డొప్ప లాగాడు. చుట్టడంలో తప్పుంటే ఒక్కచోటే మాడుతుంది, మిగతా రాగి ఎర్రగానే ఉంటుంది. మోయలేనంత కరెంటు లాగితే అంతా ఒక్కతీరుగా మాడుతుంది. ఆ దుకాణంలో పెరిగినవాణ్ని, నాకూ తెలుసు. పన్నెండు పండ్లూ మాడిన పోపుగింజల్లా ఒకే నలుపు. ఎన్ని వాట్లు లాగిందని అన్న ఒక్క మాట అడిగితే చాలు, మీటరు ఇంకా నా చేతిలోనే ఉంది.

అన్న నా వైపు చూశాడు. తర్వాత డొప్ప మూసేశాడు.

"నా సుట్టుడే తప్పు సార్. తీగ సక్కగ కూసోలె."

"అందుకే ఇలాంటివాళ్లకు ఇవ్వకూడదు" అని మేనేజర్ పక్కనున్న ఫామ్‌హౌస్ పెద్దమనుషులతో అన్నాడు. నేను తలూపాను. అవును, ఊపాను.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద అన్న ఒక్కటే అడిగాడు. "సంతకం పెడ్తడా?"

"పెడతాడు."

"మంచిదాయె."

మేనేజర్ సంతకం పెట్టాడు. ఫామ్‌హౌస్‌ల పంపులు ఒక్కటి కూడా అన్న దుకాణానికి రాలేదు, అన్నీ షహర్‌కే పోయాయి. ఎందుకని అన్న నన్నెప్పుడూ అడగలేదు. ఆ రోజు నన్ను నలుగురిలో తిట్టి ఉంటే బాగుండేదని చాలా కాలం ఆయన మీదే కోపం పెట్టుకున్నాను. సిగ్గులేనివాడికి కోపానికేం కొదవ.

ఎనిమిది నెలలకు ఇంకో కంపెనీవాళ్లు ఎక్కువ జీతమిస్తామన్నారు. ఆ రోజుల్లో అందరూ అలాగే మారేవారు, నేనూ మారాను. చేరిన నెలకు గాని అన్నకు చెప్పలేకపోయాను. ఆయన చుడుతున్న మోటారు పక్కన పెట్టి తలెత్తాడు.

"గా నౌకరీనే ఇడిసిపెట్టినవా?" అన్నాడు.