వేయిమంది ఊహాపాఠకులు

టెల్కో కాలనీలోని మా క్వార్టరులో, ఏటా వానాకాలం రాగానే మా కోడలు ఒక వింత పరీక్షలో సాయపడేది. గ్రంథాలయాలు ఉచితంగా వాడుకొనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. ఒక్కసారిగా ఎంతమంది వచ్చి పడితే అది తట్టుకొనగలదో తేల్చి, కొత్త వెర్షన్ వెలువడేలోగా నివేదిక పంపడం ఆమె చేరిన స్వచ్ఛంద బృందం పని. ఆ యేడు పరీక్ష నడిపి నివేదిక వ్రాసే బాధ్యత తొలిసారి ఆమెకు దక్కింది.

కంప్యూటరులో వేయిమంది ఊహాపాఠకులను సృష్టించి వదలింది. సాఫ్ట్‌వేర్ చెక్కుచెదరలేదు. ఆమె సంబరం చూచి నేను కూడా తెర ముందుకు జరిగాను.

"వీరందరూ ఏ పుస్తకం అడుగుతున్నారమ్మా?"

"అందరూ ఒకటే పుస్తకం మావయ్యగారూ. ఏటైందండీ?"

"ఏమీ లేదు. నేను గ్రంథాలయం నడిపిన రోజులలో పాఠకులలో ఇంత ఐకమత్యం ఎన్నడూ చూడలేదు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "అరే, సాఫ్ట్‌వేర్ ఒకసారి తీసిన పుస్తకం దగ్గరెట్టుకుని, మళ్ళీ ఎతక్కుండా అందరికీ అదే ఇచ్చేత్తంది. ఇదేం పరీక్షండీ, బక్వాస్."

ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకం అడిగేలా మార్చి మళ్ళీ నడిపితే, రెండువందల మందికే సాఫ్ట్‌వేర్ కుప్పకూలింది. నిజం వ్రాస్తే తొలి నివేదికలోనే తన తప్పు తానే చాటుకొన్నట్లవుతుంది. వ్రాయకపోతే ఏ గ్రంథాలయమో నమ్మి చిక్కులలో పడుతుంది. కాఫీ చల్లారేదాకా ఆలోచించి, ఆ తప్పునే మొదటి వాక్యంగా వ్రాసి పంపింది.

మరునాడు బృందం పెద్ద నుండి జవాబు వచ్చింది. గడచిన రెండేళ్ళ పరీక్షలూ ఆయన అట్లే, అందరికీ ఒకటే పుస్తకంతో చేశాడట.

"అయ్యి కూడా నన్నే మళ్ళీ చూడమంటన్నారండీ," అంటూ ఆమె హాయిగా నవ్వింది.